ఊరు వదిలే ముందు రెండు రోజులు: నల్లగొండను కాలినడకన చుట్టి రావడం ఎలా

బదిలీ ఆర్డరు వచ్చినప్పటి నుంచి సామాను లారీ ఎక్కేదాకా చేతిలో ఉండేది పదో పన్నెండో రోజులు. సగం రోజులు అట్టపెట్టెలు వెతుక్కోవడానికే పోతాయి. మిగతా సగం గ్యాస్ కనెక్షన్‌కీ, పిల్లల టీసీలకీ, బ్యాంకు పనులకీ సరిపోతాయి. ఊరికి వీడ్కోలు చెప్పాలన్న పని ఎవరి చీటీలోనూ ఉండదు. మా చీటీలోనూ లేదు.

పదకొండేళ్లు నల్లగొండలో ఉన్నాం. రోజూ డాబా మీద బట్టలు ఆరేస్తుంటే లతీఫ్ సాబ్ గుట్ట ఎదురుగా కనబడేది. వెళ్లిపోతున్నామని తెలిశాక మా అమ్మాయి, "గుట్ట మీద ఏముందమ్మా?" అని అడిగింది. దర్గా ఉందన్నాను. "నువ్వు చూశావా?" అంది. చూడలేదు. ఒకసారి ఎక్కబోయి సగం నుంచే దిగొచ్చాను. ఆ కథ తర్వాత చెబుతాను. ఆ ప్రశ్నతోనే ఆఖరి శని, ఆదివారాలు పెట్టెలన్నీ పక్కన పెట్టి ఊరంతా నడిచి చూశాం. అప్పుడు మేం చేసినవీ, చేసి ఉంటే బాగుండేదనిపించినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీరు వదిలేది నల్లగొండే కానక్కర్లేదు. దేవరకొండ, భువనగిరి లాంటి గుట్టల ఊళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఒక్క మాట. నల్లగొండను నడిచి చూడాలంటే రాతి దగ్గర మొదలుపెట్టి నీళ్ల దగ్గర ముగించండి. అంటే శనివారం గుట్టలు, ఆదివారం పానగల్లు చెరువు. మేం అనుకోకుండా అలా నడిచాం. నడిచాక చూస్తే ఈ ఊరి కథ కూడా అదే వరసలో ఉంది.

తేదీ చూసుకోవడం

బదిలీలు మన చేతిలో ఉండవు, నిజమే. వీలుంటే మాత్రం దసరా దాటాక, శివరాత్రి లోపు పెట్టుకోండి. వానలు తగ్గి ఉంటాయి, బండలు ఆరి ఉంటాయి, చెరువు నిండుగా ఉంటుంది. అక్టోబరులో అయితే దారి పక్కన గంపల్లో సీతాఫలాలు కూడా దొరుకుతాయి.

ఎండాకాలంలోనే వెళ్లాల్సి వస్తే మానుకోమని చెప్పను, గడియారం మార్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదింటికల్లా గుట్ట దిగిపోయి ఉండాలి. ఇక్కడి బండ పగలంతా వేడిని తాగి, పొద్దుగూకాక కూడా చాలాసేపు వెనక్కి కక్కుతుంది. అందుకని ఎండాకాలంలో సాయంత్రం ఎక్కడం కన్నా తెల్లవారుజామున ఎక్కడమే నయం. వానాకాలంలో మాత్రం గుట్ట జోలికి పోకండి. పానగల్లు ఒక్కటీ పెట్టుకోండి.

శుక్రవారం పడుకునే ముందు ఒకసారి వాతావరణం చూడండి. రాత్రి చినుకు పడితే శనివారం కార్యక్రమాన్నీ ఆదివారం కార్యక్రమాన్నీ తారుమారు చేసేయండి.

సామాను

పెద్ద జాబితా అక్కర్లేదు. కాలికి వేళ్లు మూసే బూట్లు, అడుగు అరగనివి. మనిషికి లీటరున్నర నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పాకెట్లు. దర్గాలో తల కప్పుకోవడానికి చేతిరుమాలో చున్నీయో. కోతుల కోసం, కుక్కల కోసం ఒక చేతికర్ర. కొట్టడానికి కాదు, చేతిలో కనబడితే చాలు. తిండి పైకి తీసుకెళ్లేట్టయితే ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి. సంచి చప్పుడు వింటే కోతి ఆగదు.

బత్తాయిలు నాలుగు ఒలిచి డబ్బాలో పెట్టుకోండి. నల్లగొండ జిల్లాలో ఉండి బత్తాయి తినకుండా గుట్ట ఎక్కడం నాకైతే తప్పనిపిస్తుంది. పైగా గొంతు ఎండినప్పుడు నీళ్ల కన్నా అదే బాగా పనిచేస్తుంది.

అత్తరు, సెంటు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. బండల కింద తేనెతుట్టెలు ఉంటాయి. ఘాటు వాసనలకు తేనెటీగలు రేగుతాయి, పొగకు ఇంకా రేగుతాయి. పైన సిగరెట్టు, మంట ఏవీ వద్దు.

శుక్రవారం సాయంత్రం: బాకీలు తీర్చే నడక

దీన్ని ఆదివారానికి వాయిదా వేయకండి. ఆదివారం సాయంత్రానికి కాళ్లు లాగుతుంటాయి, మనసు లారీ మీద ఉంటుంది. మేం చేసిన మంచి పని ఏదైనా ఉందంటే వీధిలో వాళ్లకు శుక్రవారమే చెప్పేయడం.

ఇంటి నుంచి బయల్దేరి గడియారం చౌరస్తా దాకా నడవండి. దారిలో మీకు ఖాతా ఉన్న ప్రతి చోటా ఆగండి. కిరాణా కొట్టు, పాలాయన, ఇస్త్రీ బండి, మందుల షాపు, దర్జీ. ముందు లెక్క తేల్చండి, ఆ తర్వాతే బదిలీ సంగతి చెప్పండి. వరస తప్పిందంటే అవతలివాళ్లు మొహమాటపడి డబ్బు తీసుకోరు. మా పాలాయనతో ముందు కబురు చెప్పి పొరపాటు చేశాను. "పోనీ తియ్యమ్మా, పది రోజుల పాలే కదా" అని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. చివరికి ఆయన మనవరాలి చేతిలో పెట్టాల్సి వచ్చింది. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి.

దర్జీ దగ్గర నాకు ఇంకో వింత ఎదురైంది. రెండేళ్ల కిందట ఇచ్చి మర్చిపోయిన జాకెట్టు గుడ్డ ఆయన అల్మారాలో నా పేరు రాసిన చీటీతో సహా అలాగే ఉంది. "మీరే వస్తరని ఉంచిన మేడం" అన్నాడు. కుట్టే టైము లేదు. గుడ్డ వెనక్కి తెచ్చుకున్నాను, చీటీతోనే.

గడియారం చౌరస్తాలో చాయ్ తాగి కాసేపు నిలబడండి. ధర్నాలు, ర్యాలీలు, గెలుపు బాణసంచా, దిష్టిబొమ్మలు కాల్చడం, అన్నీ ఇక్కడే జరుగుతాయి. రోజూ బండి మీద దాటిపోయే చౌరస్తాలో ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి చూడటం కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అలవాటవుతుంది. వెనక్కి నడిచి వచ్చి తొమ్మిదింటికల్లా పడుకోండి.

శనివారం తెల్లవారుజామున: లతీఫ్ సాబ్ గుట్ట

ఊరు రెండు గుట్టల నడుమ కూర్చుని ఉంటుంది. ఒకదాని మీద లతీఫ్ షా దర్గా, ఇంకోదాని మీద పాత కోట గోడలు. ఆ రెండోదాన్నే కాపురాల గుట్ట అంటారు. పూర్వం ఈ ఊరిని నీలగిరి అనేవారు. నల్ల కొండ నల్లగొండ అయింది. అసలు ఇక్కడి రాయి నలుపు కాదు. దగ్గరికెళ్లి చూస్తే బూడిద రంగూ, లేత గులాబీ రంగూ కలిసిన గ్రానైటు. మరి నలుపు ఎక్కడిది? బండల మీద పైనుంచి కిందికి జారిన చారలు చూడండి. వాన నీరు కారే దారుల్లో నాచు లాంటివి పెరిగి, ఎండి, మళ్లీ పెరిగి నల్లగా అట్టకడతాయి. వాన వెలిశాక గుట్ట మొత్తం తడిసి ఉన్నప్పుడు దూరం నుంచి చూస్తే నల్లటి ఏనుగు పడుకున్నట్టే ఉంటుంది. ఊరికి పేరు అలా వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పను గానీ, ఆ పేరు సరిపోయిందని మాత్రం ఒప్పుకుంటాను.

ఎక్కేవాళ్లకు ఈ చారలతో ఒక పని ఉంది. నల్ల చార ఉన్న చోట కాలు పెట్టకండి. ఎండి ఉంటే ఫర్వాలేదు గానీ, మంచు పడిన పొద్దున అది సబ్బులా జారుతుంది. పక్కన గరుకుగా, లేత రంగులో ఉండే రాయి మీద అడుగు వేయండి.

నా మొదటి ప్రయత్నం గురించి చెప్తానన్నాను కదా. ఊరికి వచ్చిన కొత్తలో ఒక ఏప్రిల్ ఆదివారం, టిఫిను చేసి, తొమ్మిదిన్నరకి, చెప్పులతో, అర సీసా నీళ్లతో బయల్దేరాను. సగం ఎక్కేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. మెట్టు మీద కూర్చుంటే మెట్టు కాలుతోంది. పై నుంచి దిగుతున్న ఒక పెద్దాయన తన సీసాలో నీళ్లు నాకిచ్చి, "ఇప్పుడు గాదు బేటా, ఫజర్‌కు రావాలె" అన్నాడు. ఆయన చెప్పిన సంగతే ఈ మొత్తం మార్గదర్శిలో ముఖ్యమైనది. ఫజర్ అంటే తెల్లవారుజామున చేసే మొదటి నమాజు. చలికాలంలో ఐదుంపావుకు ఇల్లు కదిలితే ఐదూ నలభైకల్లా గుట్ట మొదట్లో ఉంటారు. మసక వెలుతురు రాగానే ఎక్కడం మొదలుపెడితే సూర్యుడు వచ్చేసరికి పైన ఉంటారు.

ఎక్కే పద్ధతి ఇది. మొదటి పది నిమిషాలు కావాలనే నెమ్మదిగా నడవండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలి ఉండాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. మెట్ల మీద పాదం మొత్తం ఆనించండి, మునివేళ్ల మీద ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. పిల్లలు ముందు పరుగెత్తి మధ్యలో చతికిలబడతారు. వాళ్ల చేతికి నీళ్ల సంచి ఇచ్చి వెనక నడిపించండి, దానంతటదే సర్దుకుంటుంది. పెద్దవాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. మోకాళ్లు కొంచెం వంచి, మెట్టుకు అడ్డంగా పాదం పెట్టి దిగమని చెప్పండి.

దర్గా దగ్గర చెప్పులు విప్పి, తల కప్పుకుని లోపలికి వెళ్లండి. ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. మొక్కులు కూడా అందరివీ ఉంటాయి. మేం వెళ్లిన పొద్దున లోపల ఇద్దరే ఉన్నారు. ఒకావిడ చీర కొంగు తలమీదకి లాక్కుని కళ్లు మూసుకుని నిలబడి ఉంది. బయట ఒక కుర్రవాడు చీపురుతో ఎండుటాకులు ఊడుస్తున్నాడు. ఫొటోలు తీసే ముందు అక్కడున్నవాళ్లను అడగండి.

ఇక పైనుంచి చూడటం. పైకెక్కిన ప్రతివాళ్లూ సెల్ఫీ దిగి వచ్చేస్తారు. మీరు వెళ్లిపోతున్నవాళ్లు కదా, ఒక అరగంట కూర్చోండి. ముందు మీ ఇంటి డాబా వెతకండి. మాకు పావుగంట పట్టింది. నీలం రంగు నీళ్ల ట్యాంకు చూసి పట్టుకుందాం అనుకుంటే ఊళ్లో ట్యాంకులన్నీ నల్లవో నీలంవో. చివరికి ఎదురింటి అక్క ఆరేసిన ఎర్ర దుప్పటి పట్టిచ్చింది. ఇల్లు దొరికాక అక్కడి నుంచి బడి, ఆఫీసు, గడియారం చౌరస్తా, రైలు పట్టాలు వరసగా వేలితో చూపించుకుంటూ పోండి. ఇన్నేళ్లూ మీరు తిరిగింది ఊళ్లో ఎంత ముక్కో అప్పుడు తెలుస్తుంది. మాది మూడు గీతలు. ఇల్లు, ఆఫీసు, కూరగాయల మార్కెట్.

కూర్చున్న బండ గురించి కూడా పిల్లలకు చెప్పండి. ఇది వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఎండకు వ్యాకోచించి, చల్లబడి, వాన నీరు పగుళ్లలోకి దిగి, ఉల్లిపాయ పొరలు ఊడినట్టు పొరపొరగా ఊడి ఈ గుండ్లు తయారయ్యాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి గానీ, ఎవరూ పేర్చలేదు. చుట్టూ ఉన్న మట్టీ మెత్తటి రాయీ కొట్టుకుపోయి గట్టి గుండు మిగిలింది.

ఈ రాయే ఊరికి గోడ, ఈ రాయే ఊరికి జబ్బు. గ్రానైటులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. భూగర్భ జలం రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఫ్లోరైడును కరిగించుకుంటుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకూ ఎముకలకూ చేటు. ఈ జిల్లాలో బోరు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన, నడుములు బిగుసుకుపోయిన మనుషులను మా ఆఫీసుకు వచ్చేవాళ్లలోనే ఎంతోమందిని చూశాను. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో తయారుచేసింది. దాని పేరు ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్'. ఊరికి ఇలాంటి పేరు రావాలని ఎవరూ కోరుకోరు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి నుంచి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. నీళ్ల గోడు దేశం వినాలని జనం పనిగట్టుకుని నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది, పోలింగు కూడా వెనక్కి పోయింది. మా అమ్మాయి ఇది విని, "480 గుర్తులు ఎక్కడి నుంచి తెచ్చారమ్మా?" అని అడిగింది. గుట్ట దిగేదాకా అదే ఆలోచన దానికి.

ఆకాశం తేటగా ఉంటే దూరంగా తళుక్కుమనే నీళ్లు కనబడతాయి. అది రేపటి పని.

కాపురాల గుట్ట: ఎక్కాలా వద్దా?

మొదటి గుట్ట దిగి, ఇడ్లీయో పూరీయో తిని, పది లోపు రెండోది కూడా లాగించేద్దాం అనిపిస్తుంది. వద్దు. ఒకే పొద్దున రెండు గుట్టలు ఎక్కితే రెండోది గుర్తుండదు. కోట గోడల మీద అంత ఇష్టం ఉంటే దర్గా గుట్టను ఇంకో వారానికి పెట్టుకుని శనివారం దీనికే ఇవ్వండి. లేదంటే సాయంత్రం నాలుగు దాటాక కిందనే చుట్టూ నడవండి. మేం రెండోదే చేశాం, చేయాల్సి వచ్చింది.

ఏం జరిగిందంటే, ఫోనులో మ్యాపు గుట్ట మొదటి దాకా ఒక సన్నటి దారి చూపించింది. దాన్ని పట్టుకుని సందులోంచి సందులోకి నడిచాం. మూడో మలుపులో దారి ఒక ఇంటి పెరటి గోడకు తగిలి ఆగిపోయింది. గోడకు ఆనుకుని గంపెడు చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్న ముసలమ్మ తలెత్తి చూసింది.

"ఏడికి పోతున్రు బిడ్డా?"

"గుట్ట మీదికి పెద్దమ్మా. ఇటు దారి ఉందని..."

"ఉండె. మా గోడ కట్టినంక బందయింది. ఎవలు చెప్పిన్రు మీకు?"

ఫోను చూపించాను. ఆమె దాన్ని కాసేపు పరీక్షగా చూసి, "గది మా ఇంటికి రాలే, దానికేం ఎరుక" అంది. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. చేతిలో ఉన్న చింతపండు రెబ్బ దానికిచ్చి, పక్క సందులోంచి మేకలు పోయే తొవ్వ ఉందనీ, కంపలు బాగా పెరిగాయనీ, ఈ పొద్దుకు మాత్రం పోవద్దనీ చెప్పింది. మేం పోలేదు.

కాబట్టి ఈ గుట్టకు మీరు చేయాల్సింది: మ్యాపు కాదు, మేకలాయనను అడగండి. గుట్ట కింద ఇళ్లు ఏటేటా పైకి జరుగుతున్నాయి, దారులు మారుతుంటాయి. ఒంటరిగా ఎక్కకండి, ముగ్గురైనా ఉండాలి. కంపలున్న చోట కర్రతో నేల తట్టుకుంటూ నడవండి, పాముకు ముందే తెలిసి తప్పుకుంటుంది. పాత గోడల మీదికి ఎక్కకండి. సున్నం వదిలిన రాయి మన బరువుకు కదులుతుంది. వెలుతురు ఉండగానే కింద ఉండాలి.

శనివారం మిగతా సాయంత్రం కోసం పెద్దగా చెప్పడానికేం లేదు. రామగిరి రామాలయం, ప్రకాశం బజారు, ఒక ప్లేటు మిర్చి బజ్జీ. కాళ్లను గోరువెచ్చటి ఉప్పు నీళ్లలో పెట్టి పడుకోండి.

ఆదివారం: పానగల్లు

గడియారం చౌరస్తా నుంచి పానగల్లు సుమారు నాలుగు కిలోమీటర్లు. గంటంపావు నడక. ఆరింటికి బయల్దేరండి. ఇది గుట్ట దారి కాదు, లారీలు తిరిగే రోడ్డు. ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన ఒకరి వెనక ఒకరు నడవండి. మోకాళ్లు మొరాయిస్తే ఆటోలో వెళ్లి అక్కడి నుంచి నడవండి, ఎవరూ తప్పు పట్టరు. అక్కడ నడవాల్సింది చాలా ఉంది.

పానగల్లు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఇప్పుడు నల్లగొండలో కలిసిపోయింది గానీ వయసులో నల్లగొండకు అక్క. ముందుగా పచ్చల సోమేశ్వరాలయానికి వెళ్లండి. పురావస్తు శాఖ మ్యూజియం కూడా అక్కడే ఉంది. తెరిచి ఉంటుందో లేదో ముందురోజే కనుక్కోండి. ఇక్కడ స్తంభాలు చాలా ఉన్నాయి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. రామాయణ, భారత కథలు చిన్న చిన్న బొమ్మలుగా చెక్కి ఉన్నాయి. ఒక్క స్తంభం ఎంచుకుని, కింద నుంచి పైకి, నాలుగు పక్కలా చూడండి. మేం అలాగే ఒకటి పట్టుకున్నాం. ఒక బొమ్మలో మోకాలు బొటనవేలి గోరంత. ఆ మోకాలి మీద కూడా మడత చెక్కాడు. చెక్కినవాడు అది ఎవరైనా చూస్తారని అనుకున్నాడా అని మా ఆయన అన్నాడు. మేం చూశాం కదా అంది మా అమ్మాయి.

అక్కడి నుంచి ఛాయా సోమేశ్వరాలయానికి పొలాల మధ్య నుంచి నడక. నాట్ల కాలమైతే పచ్చగా, కోతలైతే గడ్డి వాసనగా ఉంటుంది. ఈ గుడి త్రికూటం, అంటే మూడు గర్భగుళ్లు ఒకే మండపం వైపు చూస్తుంటాయి. వాటిలో శివలింగం ఉన్న ఒకదాని గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు ఎటు నడిచినా నీడ కదలదు.

దీన్ని చూడటానికి ఒక పద్ధతి ఉంది. ఎండలోంచి నేరుగా లోపలికి వెళ్లి "ఏదీ, కనబడదేం?" అని ఫోను లైటు వేసేవాళ్లే ఎక్కువ. లైటు పడితే నీడ పోతుంది. లోపలికి వెళ్లి, లింగానికి ఎదురుగా అడ్డం రాకుండా పక్కన నిలబడి, రెండు నిమిషాలు ఊరుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడతాయి. అప్పుడు గోడ మీద నిట్టనిలువుగా మెత్తటి అంచులతో నీడ తేలుతుంది. ఎండ బాగా ఉన్న రోజు స్పష్టంగా ఉంటుంది, మబ్బు పడితే పలచబడుతుంది. అందుకే ఎనిమిది దాటాక ఇక్కడికి చేరేలా చూసుకోమంటాను. తర్వాత బయటికి వచ్చి గుడి చుట్టూ తిరిగి, గంటాగి మళ్లీ లోపలికి వెళ్లండి. నీడ అక్కడే ఉంటుంది.

కారణం అడిగితే, గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు. మండపం పక్కల నుంచి వచ్చే వెలుతురు స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికి పడుతుంది. సూర్యుడు కదిలినా ఆ పక్క వెలుతురు వచ్చే దిక్కు మారదు కాబట్టి నీడా మారదు. వివరం తెలిశాక అద్భుతం తగ్గుతుందేమో అనుకున్నాను. నాకైతే పెరిగింది. స్తంభాలను ఎక్కడ నిలబెడితే నీడ ఎక్కడ పడుతుందో లెక్క కట్టినవాడు ఏ కాగితం మీద కట్టాడో!

పూజారి ఉంటే హారతి తీసుకోండి. వేళాపాళా లేకుండా వెళ్లి మండపంలో పడుకోవడం, స్తంభాలకు ఆనుకుని తినడం మాత్రం చేయకండి. తినాల్సింది చెట్టు కింద. మేం జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, మిగిలిన రెండు బత్తాయిలు తెచ్చుకున్నాం.

చెరువు కట్ట మీద

ఆఖరి మజిలీ ఉదయసముద్రం. ఎండ కాలం కాకపోతే పదకొండుకు, లేదంటే ఆటోలో ఇంటికి పోయి పడుకుని లేచి సాయంత్రం ఐదింటికి వెళ్లండి. సాయంత్రమే మేలు.

ఇది కందూరు చోడుల నాటి చెరువు. ఉదయ చోడుడి పేరుతో ఉదయసముద్రం అయింది. ఇప్పుడిది ఒకటిన్నర టీఎంసీల రిజర్వాయరు. నాగార్జునసాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తి, అక్కంపల్లి జలాశయానికి చేర్చి, అక్కడి నుంచి కాలువలో ఇక్కడికి తెస్తారు. మీరు శనివారం కూర్చున్న బండ కింది నీళ్లు తాగలేక ఊరు కృష్ణ నీళ్ల కోసం కొట్లాడింది. ఆ నీళ్లు ఎనిమిది వందల ఏళ్ల కిందటి కట్ట వెనకే వచ్చి ఆగాయి. 480 మంది సంగతి మా అమ్మాయికి ఇక్కడ మళ్లీ గుర్తొచ్చింది.

కట్ట మీద నడిచేటప్పుడు నీళ్ల పక్క రాతి కట్టడం మీదికి దిగకండి. పాకుడు ఉంటుంది, లోతు ఎక్కువ. పిల్లల చెయ్యి వదలకండి. తూము ఎక్కడుంది, అలుగు ఎటు పోతుంది అని చేపలు పట్టేవాళ్లను అడిగితే ఓపికగా చెబుతారు. వెనక్కి తిరిగి చూస్తే గుట్టలు కనబడతాయి. నిన్న అక్కడి నుంచి ఇటు చూశాం, ఇవాళ ఇక్కడి నుంచి అటు. సెల్ఫీ దిగాలనుకుంటే ఇక్కడ దిగండి.

ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే

గుట్టలు రెండూ వదిలేయండి. శుక్రవారం నడక అలాగే ఉంచి, ఆదివారాన్ని శని, ఆది రెండు రోజులకు పంచండి. ఒక పొద్దున పచ్చల సోమేశ్వరం, ఇంకో పొద్దున ఛాయా సోమేశ్వరం, రెండు సాయంత్రాలూ కట్ట. మా అత్తయ్యకు ఇంకో నెలలో ఇలాగే చూపించాలని అనుకుంటున్నాం. మేం బదిలీ మీద వచ్చిన వనపర్తి నుంచి ఒక రోజు వచ్చి వెళ్లగలిగే దూరమే.

సోమవారం పొద్దున ఆరింటికి లారీ వచ్చింది. అన్నీ ఎక్కించాక డాబా మీద తాడు విప్పడం మర్చిపోయామని మా ఆయన పైకి వెళ్లాడు. ఎంతకీ దిగకపోతే నేను వెళ్లాను. తాడు చేతిలో పెట్టుకుని గుట్ట వైపు చూస్తున్నాడు. "అక్కడి నుంచి మన తాడు కనబడలేదు కదూ?" అన్నాడు. ఎదురింటి అక్క ఎర్ర దుప్పటి మళ్లీ ఆరేసింది.